మూత తియ్యని గిన్నె

ఊరు వెళ్ళి వచ్చినవాణ్ణి మా అనంతపురంలో మొదట అడిగేది "ఏం చూసినావు?" అని కాదు, "ఎక్కడ దిగినావు?" అని. సత్రంలోనా, చుట్టాల ఇంట్లోనా, హోటల్లోనా? ఈసారి నా జవాబు విన్నవాళ్ళు ఒకటికి రెండుసార్లు అడిగారు. గుడివాడలోనూ బందరులోనూ దివిసీమలోనూ నేను దిగింది ముక్కూ మొహమూ ఎరగని వాళ్ళ ఇళ్ళల్లో.

మా పత్రికకు ఒక పాఠకుడు రాసిన ఉత్తరంతో మొదలైంది ఇదంతా. దేశం చూడాలని ఉంది, హోటలు ఖర్చు భరించలేను, ఏ ఊళ్ళోనైనా నాకోసం ఒక మంచం వాల్చే మనిషి ఉంటాడా అని ఆయన అడిగాడు. నేను వాలుస్తానంటే నేను వాలుస్తానని జిల్లా జిల్లా నుంచీ కొందరు రాశారు. ఆదివారం పేజీ చూసేవాణ్ణి గనక ఆ ఉత్తరాలన్నీ నా బల్ల మీదికే వచ్చేవి. వాళ్ళకు వాళ్ళే ఒక సంఘంగా ఏర్పడ్డారు. పెద్ద పేరేదో పెట్టుకున్నారు గాని, ఆఫీసులో మేం "మంచాల సంఘం" అనేవాళ్ళం, ఆ పేరే నిలిచింది. నియమాలు కొద్దివి. డబ్బూ కానుకలూ ఇవ్వకూడదు, పుచ్చుకోకూడదు. ఇంటివాళ్ళు తినేదే వాళ్ళతో కూర్చుని తినాలి. తిరిగి వెళ్ళాక తన ఇంట్లోనూ ఒక మంచం వాల్చాలి.

దివిసీమ పేరు ఎన్ని ఏళ్ళు నా చేతిమీదుగా అచ్చుకు వెళ్ళిందో! వరద వస్తే దివిసీమ, తుపాను వస్తే దివిసీమ. ఆ సీమ మామూలు రోజుల్లో ఎలా ఉంటుందో మాత్రం నాకు తెలియదు. ఉద్యోగం విరమించాక అదే మొదట చూద్దామనిపించింది.

బయల్దేరేటప్పుడు మా అమ్మ గుమ్మం దాకా వచ్చింది. ఆమె మడి, ఆచారం ఆమెవి. మా వంటింట్లో ఇప్పటికీ ఆమె మాటే మాట. "ఎవరెవరి ఇంట్లో తింటావో నాకు చెప్పద్దు నాయనా. నేనూ అడగను" అంది. కోపంగా కాదు, ఒప్పందం కుదుర్చుకున్నట్టుగా.

గుడివాడలో నెయ్యి

స్టేషన్లో నన్ను పోల్చుకుని సంచీ లాక్కున్న పెద్దమనిషి రాఘవయ్యగారు. చుట్టుపక్కల మాగాణి ఉన్న రైతు. తెల్లటి పంచె, గుబురు మీసం, ఊరంతా వినబడే గొంతు.

"రండి బావగారూ, రండి. ప్రయాణం బాగా జరిగిందా?"

"మనకి బావ వరస ఎక్కణ్ణించి వచ్చిందండీ?"

"వరస లేకపోతే పిలవకూడదా ఏం? మా పోస్టుమాను కూడా నాకు బావగారే."

బండి కాలువ గట్టు మీదుగా పోతోంది. కాలువలో గేదెలు మెడదాకా మునిగి ఉన్నాయి. పిల్లలు వాటి వీపుల మీద నుంచి దూకుతున్నారు. ఒకచోట బండి ఆపమన్నాను.

"ఏం పనండీ?"

"ఏం లేదు, నీళ్ళు చూద్దామని."

రాఘవయ్యగారు కాలువ వంకా నా వంకా మార్చి మార్చి చూశారు. మా ఊళ్ళో ఎండాకాలం స్నానానికి ఒక బిందె అని లెక్క. రెండో బిందె ముట్టుకుంటే ఇంట్లో మాట పడాలి. ఇక్కడ గేదె స్నానానికి ఒక కాలువ. ఆ మాటే అన్నాను. ఆయన పెద్దగా నవ్వారు గాని, తర్వాత చాలాసేపు ఆ నీళ్ళని కొత్తగా చూస్తున్నట్టు చూశారు.

భోజనం దగ్గర నాకు చిన్న ప్రమాదం జరిగింది. మా వైపు అతిథి చాలంటే వడ్డించేవాళ్ళు చెయ్యి ఆపేస్తారు. గుడివాడలో చాలు అన్నది మర్యాదకు అనే మాట, అక్కడి నుంచే అసలు వడ్డన మొదలవుతుంది. ముద్దపప్పు మీద రెండోసారి నెయ్యి వద్దని ఆకు మీద అరచెయ్యి అడ్డం పెట్టాను. ఆయన భార్య మారుమాట లేకుండా ఆ చేతి మీదే గరిటెడు పోసింది. కాచిన నెయ్యి! నేను చెయ్యి విదిలించేసరికి రాఘవయ్యగారి మీసం మీద పడింది.

"అదీ! ఇప్పుడు నిజంగా చుట్టాలమయ్యాం" అన్నారాయన మీసం తుడుచుకుంటూ.

భోజనమయ్యాక, మినుములు ఎండబోసిన వాకిట్లో ఒక పక్కగా మంచాలు వేసుకుని కబుర్లు చెప్పుకున్నాం. నా తర్వాతి మజిలీలు చెప్పాను. బందరు అనగానే హల్వా తినకుండా రావద్దన్నారు. దివిసీమలో యోహాను మాస్టారి ఇల్లు అనగానే మంచం మీద లేచి కూర్చున్నారు.

"ఆయన బంగారం లాంటి మనిషి. పడక బాగుంటుంది, సముద్రపు గాలి. భోజనం మాత్రం అవనిగడ్డలో చూసుకుని వెళ్ళండి."

"ఏం, వాళ్ళ వంట బాగుండదా?"

"అది నాకు తెలీదు లెండి. నేను వెళ్ళినరోజు శనివారం పడింది. శనివారం నాకు ఉపవాసం" అని, ఆకాశం వంక చూసి, ఈ ఏడు మినుములు బాగా పండాయన్నారు.

బందరు, చిలకలపూడి

బందరులో నా మంచం చిలకలపూడిలో, రోల్డుగోల్డు నగలు చేసే వీరాచారిగారి ఇంటి ముందుగదిలో. ఆ వీధిలో ఏ అరుగు చూసినా మెరుపే. గాజులు, నెక్లెసులు, జుంకాలు గుట్టలుగా పోసి ఉంటాయి. దొంగ వచ్చినా ఏం తీసుకుపోవాలో తెలియక వెనక్కి పోతాడు. ఇంతాచేసి వీరాచారిగారి భార్య మెళ్ళో పసుపుతాడు తప్ప ఇంకేమీ లేదు. "మిఠాయి కొట్టువాడు మిఠాయి తింటాడేమిటండీ" అంది ఆవిడ.

నయాపైసలు వచ్చి ఎన్నాళ్ళో అయినా బందరు బజారు ఇంకా అణాల్లోనే బేరమాడుతోంది. హల్వా కొట్టులో నేను నయాపైసల్లో ధర అడిగితే కొట్టతను మనసులో అణాల్లోకి మార్చి, మళ్ళీ పైసల్లోకి మార్చి, ఆ రెండు మార్పుల మధ్య తనకి కాస్త మిగుల్చుకున్నాడు. హల్వా మాత్రం నాలుక మీద వేసుకుంటే నమలాల్సిన పని లేదు.

వీరాచారిగారు మాట తక్కువ మనిషి. మూస మీద రేకు అద్దుతూ, తల ఎత్తకుండానే అడిగారు.

"ఇక్కణ్ణించి మాస్టారింటికేనా?"

"అవునండీ."

"మన సంఘంలోంచి అక్కడికి ముగ్గురు వెళ్ళారు. ముగ్గురూ ఆ రోజున ఉపవాసమే ఉన్నారుట. అంత భక్తి నేను ఇంకెక్కడా వినలేదు."

మీరు ఎందుకు వెళ్ళలేదని నేను అడగబోయాను. ఆయన సుత్తి తీసుకున్నారు.

నీళ్ళ మీద నీళ్ళు

పులిగడ్డ దగ్గర బస్సు కిటికీలోంచి నేను చూసిన వింత మా ఊళ్ళో ఎవరికి చెప్పినా నమ్మలేదు. కింద కృష్ణ పాయ, దానికి అడ్డంగా కట్టిన వంతెనలో పైన కాలువ. నదిని దాటుకుంటూ కాలువ అవతలి గట్టుకు వెళ్తోంది! పక్కన కూర్చున్నాయన నా ముఖం చూసి, "దీవికి మంచినీళ్ళు అలా వస్తాయండీ. చుట్టూ నీళ్ళే, తాగటానికి మాత్రం మోసుకు రావాలి" అన్నాడు.

అవనిగడ్డ హోటల్లో ఇడ్లీ వేడిగా ఉంది. రాఘవయ్యగారి సలహా గుర్తొచ్చింది. కాఫీ ఒక్కటే తాగి బయల్దేరాను.

కోడూరు దాటాక ఒంటెద్దు బండి. హంసలదీవి వైపు పోయేకొద్దీ పచ్చదనం పలచబడి నేల మీద తెల్లటి పొర కనిపిస్తుంది. మొదట ముగ్గు పోశారేమో అనుకున్నాను. ఉప్పు! గాలికి కూడా ఉప్పు రుచి ఉంది.

యోహాను మాస్టారి ఇల్లు

తాటాకు ఇల్లు, అలికిన అరుగు, గోడకి ఆనించి నవారు మంచం. మాస్టారు మిషను బడిలో పిల్లలకు అక్షరాలు దిద్దించి రిటైరయిన మనిషి. సన్నగా, నిటారుగా ఉంటారు. నన్ను చూడగానే ఎదురొచ్చి నమస్కారం పెట్టి, మాట్లాడుతూనే ఒక బోండాం చెక్కి నా చేతిలో పెట్టారు. కొబ్బరినీళ్ళు చల్లగా ఉన్నాయి. అతిథికి గ్లాసులో నీళ్ళు ఇవ్వకుండా బోండాం ఎందుకు ఇచ్చారో నాకు అప్పుడు తట్టలేదు.

"స్నానం చేసి రండి. అన్నీ సిద్ధం చేయించాను" అన్నారు.

సిద్ధం చేసింది ఇంటి పక్కన, కొత్తగా వేసిన చిన్న పందిట్లో. పేడతో అలికిన నేల. కొత్త పొయ్యి, కొత్త కుండలు, చీల్చిన సరుగుడు కట్టెలు, కొత్త అగ్గిపెట్టె. చేటలో బియ్యం, కందిపప్పు, వంకాయలు, నిమ్మకాయంత చింతపండు. అరిటాకు. ముంతలో నెయ్యి. స్వయంపాకం! ఇంట్లో వండింది తినని పెద్దలకి పచ్చి సరుకులిచ్చి వండుకోమనే పాత మర్యాద. చిన్నప్పుడు మా తాతగారికి ఇలా ఇవ్వటం చూశాను. నాకు ఎవరూ ఇవ్వలేదు.

"మంచినీళ్ళు ఊళ్ళో కాపుగారి పాలేరు చేత తెప్పించానండి. నెయ్యీ వాళ్ళ ఇంటిదే. మా చెయ్యి దేని మీదా పడలేదు" అన్నారు మాస్టారు. పిల్లవాడు అప్పజెప్పిన పాఠం సరిగ్గా ఉందో లేదో చూసుకునే గొంతు అది.

బోండాం ఎందుకిచ్చారో అప్పుడు అర్థమైంది. కాయలో నీళ్ళకు ఏ ఇంటి పాత్రా తగలదు.

"మాస్టారూ, నాకు వంట రాదు. మీతో కలిసి తినటానికి వచ్చాను. సంఘం నియమం కూడా అదే."

ఆయన ఇంటివైపు ఒకసారి చూసి, నన్ను పందిరి అవతలికి తీసుకువెళ్ళి గొంతు తగ్గించారు.

"నియమం నాకూ తెలుసండి. మొదట వచ్చిన గుడివాడ ఆయన చాలా మంచివారు. ఆకు వేశాం, మా ఆవిడ గిన్నె మూత తీసింది, ఆవిరి పైకొచ్చింది. అప్పుడు గుర్తొచ్చింది ఆయనకి శనివారమని. రెండో ఆయనకి సోమవారం. మూడో ఆయనకి మూత తీయగానే కడుపునొప్పి. నేను తప్పు పట్టనండి. మా చూరు కింద పడుకున్నారు, మా పల్లెలో అదే గొప్ప. ఆవిడ మాత్రం ఒక మాట అనేసింది. 'ఇంక ఏ అతిథి ముందూ నా చేత్తో గిన్నె మూత తియ్యను' అంది. అన్నమాట తప్పే మనిషి కాదు. అతిథుల్ని నేను మానలేను, ఆవిణ్ణి నొప్పించలేను. అందుకని ఈ ఏర్పాటు."

నేను తింటానంటే సరిపోదు. ఆ ముగ్గురూ ముందు తింటామనే కూర్చున్నారు. వెళ్ళి పొయ్యి ముందు కూర్చున్నాను.

నా వంట

కట్టెలు అంటుకోవటానికే అగ్గిపెట్టె సగమైంది. బియ్యం కడిగి ఎసట్లో పోశాను. ఎంత నీళ్ళకి ఎంత బియ్యమో నాకూ కుండకూ తెలియదు. రెండో కుండలో పప్పు పడేసి, పక్కనున్న బిందెలోంచి నీళ్ళు ఒంపాను. దడి అవతల ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు చేరారు. చేతిరుమాలుతో పొగ విసురుకుంటూ వండే మగమనిషిని వాళ్ళు ఎప్పుడూ చూసి ఉండరు.

అన్నం అడుగంటిన వాసన వచ్చింది. పైన బియ్యం మాత్రం పలుకు విడవలేదు. పప్పు గంటసేపు మరిగినా గింజ గింజగానే తిరుగుతోంది.

దడి అవతలి నుంచి ఒక గొంతు, నాతో కాదు, మాస్టారితో అన్నట్టుగా: "ఏవండీ, ఆయన పప్పులో పోసింది కాళ్ళు కడుక్కోటానికి పెట్టిన ఉప్పు బావి నీళ్ళు. ప్రభువు రెండో రాకడ దాకా కూర్చున్నా ఆ పప్పు ఉడకదు."

ఆడవాళ్ళంతా గొల్లుమన్నారు. మాస్టారు "దీవెనమ్మా!" అని మందలించబోయి, తనే నవ్వాపుకోలేక తువ్వాలు అడ్డం పెట్టుకున్నారు. అలా ఆవిడ పేరు నాకు తెలిసింది.

"అమ్మా, దీవెనమ్మగారూ" అన్నాను దడి వైపు తిరిగి. "వంట నాది గనక ఇవాళ ఇంటివాణ్ణి నేను. మీరిద్దరూ నాకు అతిథులు. ఆకులు వేస్తున్నాను, వచ్చి కూర్చోండి."

నవ్వులు ఆగిపోయాయి. మాస్టారు నా వంక చూశారు. నేను అరిటాకు మూడు ముక్కలు చేసి వరసగా వేశాను. కాసేపటికి దడి తడిక పక్కకి జరిగింది. పొట్టిగా, బలంగా, నెరిసిన ముడి వేసుకున్న మనిషి వచ్చి, కొంగు భుజం చుట్టూ లాక్కుని, ఒక ఆకు ముందు కూర్చుంది. మాస్టారు ఆమె పక్కన కూర్చున్నారు. కళ్ళు మూసుకుని ఇద్దరూ చిన్న ప్రార్థన చేశారు. ఆ అన్నానికి అవసరమే.

మాడిన ముద్దా, పలుకు ముద్దా కలిపి వడ్డించాను. పైన పప్పు గింజలు వేశాను. అవి ఆకు మీద దొర్లాయి. దీవెనమ్మగారు ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నారు. నమిలారు. ఇంకా నమిలారు. మింగి, ఆకు వంక చూసి, చాలా గంభీరంగా అన్నారు:

"ఏవండీ, ఇవాళ శనివారం కదూ? నాకు ఉపవాసం."

ఆ రోజు మంగళవారం.

మాస్టారు అలా నవ్వటం చూసి ఎన్నేళ్ళయిందోనని పక్కింటావిడ తర్వాత చెప్పింది. ఆయన నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నారు. నేనూ నవ్వాను. దీవెనమ్మగారు మాత్రం నవ్వలేదు. నా ముఖం వంక కాసేపు అలా చూసి, లేచి ఇంట్లోకి వెళ్ళారు.

తిరిగి వచ్చినప్పుడు ఆమె చేతుల్లో గుడ్డతో పట్టుకున్న సత్తుగిన్నె ఉంది. మూత మీద నీటిచుక్కలు. నా ఆకు పక్కన నేల మీద దించారు.

"మాకోసం వండుకున్నది. ఇవాళ మా పొయ్యి మీదికి నీచు రానివ్వలేదు" అన్నారు. చెయ్యి మూత దాకా వెళ్ళి, ఆగింది.

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నారు.

"నా మాటంటే మాటేనండీ. మూత మీరే తియ్యండి."

తీశాను. వంకాయ, పచ్చిమామిడికాయ కలిపి వండిన కూర. మెత్తగా మగ్గి, నూనె పైకి తేలి, పులుపూ కారమూ కలిసిన వాసన. నా మాడు అన్నం ఎవరు తీసేశారో, వేడి అన్నం ఎప్పుడు వచ్చిందో గమనించలేదు. ముగ్గురం తిన్నాం. మూడోసారి వద్దన్నాను. గుడివాడ నేర్పిన పాఠం గుర్తుంది గనక ఆకు మీద చెయ్యి మాత్రం అడ్డం పెట్టలేదు.

తిన్నాక దాహమేసింది. మాస్టారు కత్తి, బోండాం అందుకోబోతున్నారు. దీవెనమ్మగారు ఆయన్ని ఆగమని, తమ కడవలోంచి గ్లాసుతో నీళ్ళు ముంచి నాకిచ్చారు.

మర్నాడు పొద్దున మాస్టారు నన్ను సాగరసంగమం దాకా తీసుకువెళ్ళారు. మడ చెట్ల మధ్య నుంచి ఒకచోట కృష్ణ ఎర్రగా, సముద్రం నీలంగా, పక్కపక్కన కనిపిస్తాయి. చాలా దూరం దాకా కలవవు. ఎక్కడ కలుస్తాయో చూద్దామని నిలబడ్డాను గాని, ఎండ కళ్ళలో పడి ఆ చోటు తెలియలేదు.

బండి ఎక్కబోతూ, మీరు మా ఊరు రావాలన్నాను. మాస్టారు తల ఊపారు. దీవెనమ్మగారు ఆలోచించి, "వస్తామండీ. మా బియ్యం మేం తెచ్చుకుంటాం లెండి, మీ ఇంట్లో పెద్దావిడ ఉన్నారన్నారుగా" అన్నారు. ఎత్తిపొడుపు కాదు. దారి తెలిసిన మనిషి జాగ్రత్త.

తిరుగుదారి

గుడివాడ స్టేషన్లో రైలు ఆగేసరికి రాఘవయ్యగారు ప్లాట్‌ఫారం మీద ఉన్నారు, నా ప్రయాణానికి మినపసున్నుండల పొట్లంతో. కానుకలు కూడదు కదా అంటే, ఇది కానుక కాదు ఆకలి అన్నారు. కిటికీ చువ్వలు పట్టుకుని, అటూ ఇటూ మాట్లాడి, చివరికి అడిగారు.

"అక్కడ భోంచేశారా?"

"చేశానండీ."

ఆయన చువ్వ మీద దుమ్ము వేలితో తుడిచారు.

"ఆ రోజు నిజంగానే శనివారం, బావగారూ."

"అయుంటుంది లెండి."

రైలు కదిలింది. నాలుగడుగులు పక్కనే నడిచి, "ఈసారి బుధవారం చూసుకుని వెళ్తాను" అన్నారు. ఆయన గొంతు అంత చిన్నగా ఉండటం అదే మొదలు.

ఇంటికి వచ్చి అందరికీ అన్నీ చెప్పాను. పులిగడ్డలో నీళ్ళ మీద నీళ్ళు, బందరు హల్వా, రాఘవయ్యగారి మీసం. అమ్మ వింటోందని తెలిసి దివిసీమ భోజనం సంగతి మాత్రం నా భార్యకు విడిగా చెప్పాను. ఒప్పందం ఒప్పందమే. మా ఇల్లు చిన్నది, గోడలు పలచన.

కొన్నాళ్ళు గడిచాయి. ఒకరోజు అమ్మ వత్తులు చేసుకుంటూ, నా వైపు చూడకుండా అంది:

"వంకాయలో మామిడికాయ ముందే వేసిందా, దించేముందర వేసిందా, ఆయమ్మ?"

"నేను చూడలేదమ్మా."

"ముందే వేసుంటే వంకాయ ఉడకదు. దించేముందరే వేసుంటుంది." రెండు వత్తులు అయ్యాయి. "వాళ్ళు వస్తామన్నారంట?"

"అన్నారు. వాళ్ళ బియ్యం వాళ్ళే తెచ్చుకుంటారట."

అమ్మ చేతిలో పత్తి ఆగింది.

"నా మడి నాది. నేను ముందర తినేసి పక్కకి పోతాను, అది ఎవురికోసమూ మారదు. కానీ ఇంటికొచ్చేవాళ్ళు బియ్యం మోసుకొచ్చేదేంది, మన ఇంట్లో గింజలు లేనట్ల?" మళ్ళీ పత్తి పేనటం మొదలుపెట్టింది. "ఉత్త చేతులతో రమ్మని రాయి."